నలభై ఆరు లింకులు

మా కోడలు టాక్సీ నడుపుతుంది. కోడలు అంటున్నాను కానీ, ఆ మాట అనే హక్కు నాకు ఆరేళ్ళ క్రితమే పోయింది. మా అబ్బాయి ఇంకొకావిడతో వెళ్ళిపోయి, కాగితాల మీద సంతకాలు పెట్టి ఈమెను వదిలించుకున్నాడు. పోతూ పోతూ పాత కారునూ నన్నూ ఈమెకే వదిలేశాడు. ఇక పుట్టింటికి పోతుందనుకున్నాను. ఆ సాయంత్రం సంచీ సర్దుకుని గుమ్మం దాకా వచ్చింది. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, "అత్తయ్యా, మీ బీపీ మాత్రలు అయిపోయినట్టున్నాయి, తేనా?" అంది. తెచ్చింది. సంచీ మంచం కిందకి పోయింది. ఆ విషయం మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు ఆమెకు వేరే ఊళ్ళో పని దొరికింది. ఒక ఆస్పత్రికి రోగులను ఇళ్ళ నుంచి తీసుకురావడం, తిరిగి దింపడం. సొంత కారు ఉండాలి. ఉండటానికి ఒక గది వాళ్ళే ఇస్తారు, ఒక్కరికే సరిపడే గది. ఆరు గంటల ప్రయాణం. సోమవారం పొద్దున ఎనిమిదింటికి కారుతో సహా హాజరు కావాలి, లేదంటే పని ఇంకొకరికి పోతుంది.

ఈ కబురు వచ్చిన వారంలోనే కారు మొరాయించింది. స్టార్టు చేస్తే ఇంజనులో రేకు డబ్బాలో మేకులు ఆడించినట్టు చప్పుడు. టైమింగ్ చైను సాగిపోయిందనీ, ఏదో ఒక రోజు చక్రాల పళ్ళ మీద నుంచి జారితే ఇంజను మొత్తం పోతుందనీ పెద్ద గ్యారేజీవాళ్ళు చెప్పారు. దాన్ని మార్చడానికి ఇంజనును కదలకుండా బిగించిపెట్టే ప్రత్యేకమైన పనిముట్లు కావాలట. అవి వాళ్ళ దగ్గరే ఉన్నాయట. మూడు వారాల దాకా ఖాళీ లేదట.

ఆ మాట విని నాకు ఎంత తేలిగ్గా ఊపిరి ఆడిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

మా తమ్ముడు ఊరుకోలేదు. రెండు వీధుల అవతల ఉంటాడు. బస్సు డిపోలో ముప్ఫై రెండేళ్ళు మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. కళ్ళల్లో పొరలు కమ్మి, ఒక కంటికి ఆపరేషన్ అయినా చూపు సరిగ్గా రాలేదు, రెండోదానికి ఇంకా కావాలి. శుక్రవారం పొద్దున్నే పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, కొత్త చైను ఒకటి కొనుక్కుని మరీ దిగబడ్డాడు.

"ప్రత్యేకమైన పనిముట్లు లేకపోతే చెయ్యలేరని ఎవడన్నాడు? డిపోలో మాకు ఎవడిచ్చాడు?"

"బాబాయ్, మీకు కళ్ళు కనపడవు, నాకు పని రాదు. ఎలా?" అంది కోడలు.

"మరింకేం, ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మెకానిక్కు. చేతులు నీవి, నోరు నాది. అక్కకి చదవడం వచ్చు, కళ్ళజోడుంది, సూపర్‌వైజరు."

"నన్నెందుకురా ఇందులోకి లాగుతావు?" అన్నాను.

"ఎవరో ఒకరు కంగారు పడాలి కదక్కా. ఆ పని నీ అంత బాగా ఎవరు చేస్తారు?"

కోడలు నవ్వింది. నాకు ఒళ్ళు మండింది, కానీ వెళ్ళి నాలుగు పాత దుప్పట్లు తెచ్చి వెనక రేకుల షెడ్డులో పరిచాను.

మొదటి రోజంతా విప్పడమే. బ్యాటరీ వైరు తీశారు, నూనె దింపారు, ముందు చక్రం ఊడదీశారు. ఇంజను కిందకి జారకుండా జాకీ పెట్టి, దాని మీద చెక్కముక్క వేసి ఎత్తి నిలబెట్టారు. ఊడిన ప్రతి బోల్టునూ ఒక అట్టముక్కలో గుచ్చి, అది ఎక్కడిదో నా చేత పెద్ద అక్షరాలతో రాయించాడు తమ్ముడు. నేను బడి మొహం చూడలేదు. పొట్లాం కాగితాలు చూసి, బస్సుల మీది పేర్లు చూసి చదవడం పట్టుబడింది నాకు. 'నీళ్ళ పంపు, పైది' అని అక్షరం అక్షరం కూడబలుక్కుని రాశాను. తప్పు రాస్తే ఇంజను పోతుందేమోనని ఒక్కోటీ రెండుసార్లు అడిగాను.

మధ్యాహ్నానికి పెద్ద బోల్టు దగ్గర ఆగిపోయారు. ఇంజనుకు అడుగున ఉండే పెద్ద చక్రాన్ని పట్టి ఉంచే బోల్టు అది. దాన్ని తిప్పబోతే ఇంజనే తిరుగుతోంది.

"అక్కా, వెళ్ళి కారులో కూర్చుని బ్రేకు తొక్కు," అన్నాడు.

"నేనా? నాకు కారు నడపడం వచ్చా?"

"నడపొద్దనే కదా చెబుతున్నా. గేరు అయిదులో పెట్టాను. బ్రేకు మీద రెండు కాళ్ళూ పెట్టి కదలకుండా ఉంచు, చాలు."

కదలకుండా ఉంచడం నాకు చేతనైన పనే అనిపించింది. డ్రైవరు సీట్లో కూర్చుని, స్టీరింగు పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి తొక్కాను. బయట రెంచికి నీళ్ళ పైపు తొడిగి, దాని చివర ఇద్దరూ వేలాడారు. పటుక్కుమని పెద్ద చప్పుడైంది. నాకు ప్రాణం పోయినంత పనైంది.

"ఊడింది! దిగండత్తయ్యా," అని కోడలు అద్దంలోంచి చూసి చెప్పింది.

"నిజంగా ఊడిందా? వదలనా? ఏం కాదుగా?"

"ఏం కాదు, వదలండి. ఎంతసేపు తొక్కుతారు?"

కాళ్ళు పట్టేశాయి. ఆమె నా మోకాళ్ళ కింద చేతులు వేసి ఒక్కో కాలూ దింపింది.

శనివారం పొద్దున అసలు పని. ఇంజను ముందు మూత తీస్తే చైను కనపడింది. పైన రెండు పళ్ళ చక్రాలు, కింద ఒక చిన్న చక్రం, మూడింటినీ చుట్టుకుని నల్లగా నిగనిగలాడుతున్న చైను. పై చక్రాలు తిరిగితే గాలి లోపలికీ పొగ బయటికీ పోయే వాల్వులు తెరుచుకుంటాయట. కింది చక్రం తిరిగితే పిస్టన్లు పైకీ కిందికీ ఆడతాయట. వాటి వేళలు కలపడమే చైను పని. తమ్ముడు ప్లగ్గు రంధ్రంలో నా ప్లాస్టిక్ అల్లికసూది దింపించి, కోడలి చేత ఇంజను నెమ్మదిగా తిప్పించాడు. సూది లేచి లేచి ఒకచోట ఆగింది.

"అదీ, పిస్టను పైకొచ్చేసింది. ఇక్కడే ఆపు."

మూడు చక్రాల మీదా పుట్టుకతో వచ్చిన చిన్న గుంటలున్నాయి. ఆ గుంటల ఎదురుగా చైను లింకుల మీద, తలుపులకు వేయగా మిగిలిన తెల్ల పెయింటుతో మూడు చుక్కలు పెట్టించాడు. చైనును బిగువుగా నెట్టి ఉంచే చిన్న ముల్లు ఒకటి ఉంటుంది. దాన్ని వెనక్కి నొక్కి, మళ్ళీ బయటికి రాకుండా నా జడపిన్ను తీసి గుచ్చాడు.

"గ్యారేజీవాడి ప్రత్యేకమైన పనిముట్టు ఇదే అక్కా. వాడు దీనికి రంగు డబ్బా పెట్టి అమ్ముతాడు."

పాత చైను ఊడి వచ్చింది. అది చేతిలోకి రాగానే పైచక్రం ఒకటి లోపలి స్ప్రింగు తోసినందుకు గిర్రున కొంచెం తిరిగింది. నేను కెవ్వుమన్నాను.

"అది తిరుగుతుందిలే, తర్వాత వెనక్కి తెచ్చుకుంటాం. ఇక నుంచి మనకు ఆధారం ఈ చుక్కలే. ఏ చుక్కకీ ఏ చుక్కకీ మధ్య ఎన్ని లింకులున్నాయో లెక్కపెట్టి, కొత్త చైను మీద అక్కడే చుక్కలు పెట్టాలి."

"రెండూ పక్కపక్కన పరిచి గీస్తే పోలా?" అంది కోడలు.

"సాగిన చైను మోసం చేస్తుందమ్మాయ్. చుక్క పక్క లింకు మీదకి పోతుంది. లెక్కే పెట్టాలి. నీకు చేతులు ఖాళీ లేవు, నాకు కళ్ళు లేవు. అక్కా, నువ్వు చెప్పు."

కోడలు పాత చైనును చుక్కలు చెరగకుండా సబ్బునీళ్ళలో ముంచి కడిగి, తుడిచి, పళ్ళెంలో పెట్టి నా ఒళ్ళో పెట్టింది. కొత్త చైను తీసుకుని నా ఎదురుగా దుప్పటి మీద కూర్చుంది.

పై రెండు చుక్కల మధ్య పద్నాలుగు. చెప్పాను. ఆమె కొత్తదాని మీద లెక్కపెట్టుకుని చుక్క పెట్టింది.

రెండో చుక్క నుంచి అడుగు చుక్క దాకా మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. అప్పుడు ఆమె పాట పాడుకుంటోంది. గట్టిగా కాదు, పెదవుల మధ్య. ఆరేళ్ళలో ఆమె గొంతులో పాట వినలేదు నేను. ఇరవై, ఇరవై ఒకటి. ముందురోజు సాయంత్రం పని ముగించి ఆమె నాకు మూడు నెలల మాత్రలు తెచ్చి, డబ్బాల మీద 'పొద్దున', 'రాత్రి' అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది. స్టవ్వు ట్యూబు మార్పించింది. నాకు తెలుసు, వెళ్ళేవాళ్ళు వెళ్ళే ముందు చాలా మంచిగా ఉంటారు. మా నాన్న ఇల్లు వదిలిపోయే ముందురోజు మా అందరి చెప్పులూ కుట్టించుకొచ్చాడు. మా ఆయన ఆస్పత్రికి బయల్దేరే పొద్దున నా తలకు నూనె రాశాడు. మా అబ్బాయి ఆఖరి వారంలో ఇంట్లో బల్బులన్నీ మార్చాడు. ముప్ఫై తొమ్మిది, నలభై. ఎవరైనా నాకు ఏదైనా బాగుచేసి పెడితే నా గుండె జారిపోతుంది.

నలభై ఆరు దగ్గర వేలు ఆగింది. అడుగు చుక్క అదే.

"ఎంతత్తయ్యా?"

"నలభై నాలుగు," అన్నాను.

అనాలని అనుకోలేదు. అన్నాక వెనక్కి తీసుకోనూ లేదు. ఆమె తల వంచుకుని కొత్త చైను లింకులు వేలితో జరుపుకుంటూ లెక్కపెట్టింది. కాసేపు చెయ్యి ఆగినట్టనిపించింది. తర్వాత చుక్క పెట్టింది. పాట ఆగిపోయింది.

చైను ఎక్కించారు. ఒకసారి జారింది, రెండుసార్లు జారింది, మూడోసారి చుక్కలన్నీ గుంటల ఎదురుగా నిలిచాయి. జడపిన్ను లాగేస్తే ముల్లు బయటికొచ్చి చైను బిగిసింది. ఇంజను స్టార్టు కాదు, అంతే, విసిగిపోయి వదిలేస్తారు అని నాకు నేనే చెప్పుకుంటూ కూర్చున్నాను.

"కారు స్టార్టు చేస్తారా ఇప్పుడు?" అని అడిగాను.

"చంపేస్తావా ఏంటి అక్కా!" అన్నాడు తమ్ముడు. "ముందు చేత్తో రెండు చుట్లు తిప్పాలి. లెక్క తప్పితే వాల్వులు తెరుచుకుని ఉండగా పిస్టను పైకొచ్చి గుద్దుతుంది. చేత్తో అయితే ఆగుతుంది. స్టార్టరుతో అయితే ముక్కలే. డిపోలో ఒకడు ఇలాగే తొందరపడి ఒక బస్సును ఇనుప సామానుకి పంపించాడు."

నలభై నాలుగన్నప్పుడు ఇంజను ముక్కలవుతుందని నాకు తోచనే లేదు. ఈ కారు ఆమె తిండి.

కోడలు రెంచి పెట్టి నెమ్మదిగా తిప్పింది. సగం చుట్టు తిరిగింది. ఇంకాస్త. ఠక్కుమని ఆగింది.

"ఆగింది బాబాయ్."

"బలవంతం చెయ్యకు. వదిలెయ్. వెనక్కి తిప్పు." వంగి, పొరలు కమ్మిన కళ్ళతో ఇంజనులోకి చూస్తున్నట్టు నిలబడ్డాడు. "తగులుతోంది. లెక్కయినా తప్పాలి, నువ్వు ఎక్కించడమైనా తప్పాలి."

"అత్తయ్య లెక్క తప్పదు. నాదే తప్పు," అంది ఆమె.

రెంచి కింద పెట్టేసి, కారు తలుపుకు వీపు ఆనించి నేల మీద కూర్చుంది. వేళ్ళ కణుపుల మీద తోలు లేచిపోయి నూనె, నెత్తురు కలిసి ఉన్నాయి.

"ఇక నా వల్ల కాదు బాబాయ్. గ్యారేజీవాళ్ళకే ఇచ్చేద్దాం. ఆ పని పోతే పోయింది."

నేను కోరుకున్నది నా కాళ్ళ దగ్గరకే వచ్చి పడింది. ఆమె లేచి కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. తుడుచుకుంటూ వచ్చి, నా మొహం చూడకుండా, "వంట ఏం చేద్దామత్తయ్యా?" అంది.

ఆ గొంతు నాకు తెలుసు. మా అబ్బాయి వెళ్ళిన మర్నాడు పొద్దున ఇదే మాట, ఇదే గొంతుతో అడిగింది. ఆ తర్వాత ఆరేళ్ళు రోజూ అదే గొంతు. నేను దాన్ని ఆమె గొంతే అనుకున్నాను. గంట క్రితం పాట విన్నాక కదా తెలిసింది, ఆమెకు ఇంకో గొంతు ఉందని. ఆమె ఉంటే ఇల్లు నిండుగా ఉంటుందనుకున్నాను. ఉండేది ఎవరు?

పళ్ళెం మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాను. చైను చేతిలో చల్లగా ఉంది. లెక్కపెట్టక్కర్లేదు, అయినా పెట్టాను. పైకే పెట్టాను, ఇద్దరికీ వినపడేలా. నలభై నాలుగు దగ్గర ఆగలేదు.

"నలభై ఆరు," అన్నాను. "రెండు తక్కువ చెప్పాను. నాదే పొరపాటు."

తమ్ముడు తల తిప్పి నా వైపు చూశాడు. "చిన్నప్పటి నుంచీ నీ లెక్క తప్పడం నేను చూడలేదే అక్కా," అన్నాడు మెల్లగా. ఇంకేదో అనబోయి, స్పానరు కోసం సంచీలో తడుముకుంటూ, "వయసు మీద పడిందిలే. రా అమ్మాయ్, మళ్ళీ విప్పుదాం," అన్నాడు.

కోడలు తుడుచుకుంటున్న గుడ్డ చేత్తో పట్టుకుని నన్నే చూస్తూ నిలబడింది. కోపం లేదు ఆ చూపులో. తర్వాత వంగి రెంచి తీసుకుంది.

ముల్లు వెనక్కి నొక్కి పిన్ను గుచ్చారు. చైను దింపారు. తప్పు చుక్కను కిరోసినుతో తుడిచి, రెండు లింకుల అవతల కొత్తది పెట్టారు. పై చక్రాన్ని స్పానరుతో పట్టి తిప్పి, దాని గుంటను చుక్కకు ఎదురుగా తెచ్చుకున్నారు. ఎక్కించారు. ఈసారి చేత్తో తిప్పితే ఒక చుట్టు, రెండు చుట్లు, ఎక్కడా తగల్లేదు. ఇంకో రెండు చుట్లు తిప్పమన్నాడు తమ్ముడు. తిరిగింది. సాయంత్రానికి మూత అంచుకి గమ్ము రాసి బిగించారు. ట్యూబు మీద రాసినది నేను చదివి వినిపించాను, పన్నెండు గంటలు ఆరనివ్వాలని.

ఆదివారం పొద్దున కొత్త నూనె పోశారు, నీళ్ళు పోశారు, చక్రం బిగించారు. తాళం తిప్పగానే ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. తమ్ముడు బానెట్టు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. "పడుకున్న పిల్లలా ఉంది," అన్నాడు. అంతకంటే మెచ్చుకోవడం వాడికి రాదు.

సామాను రెండు సంచులే. వెనక సీట్లో పెట్టేసింది. తమ్ముడు షెడ్డులో పనిముట్లు ఏరుకుంటున్నాడు. నేను కారు తలుపు దగ్గర నిలబడి, నీళ్ళ సీసా పెట్టుకున్నావా, టైరు గాలి చూశావా, మధ్యలో ఎక్కడైనా ఆగి ఫోను చెయ్యి అని చెప్పిందే చెబుతున్నాను. ఆమె అన్నింటికీ ఊఁ అంటోంది. ఉన్నట్టుండి అంది:

"నలభై ఆరని నాకు ముందే తెలుసత్తయ్యా."

నాకు అర్థం కాలేదు.

"పాత చైను కడిగేటప్పుడే లెక్కపెట్టుకున్నాను. మీరు చెబితే సరిచూసుకుందామని. మీరు నలభై నాలుగన్నారు."

"మరి నలభై నాలుగుకే ఎందుకు పెట్టావే?"

"ఉండమంటున్నారనుకున్నాను." స్టీరింగు మీద గోటితో ఏదో గీస్తోంది. "ఆరేళ్ళలో మీరు నన్ను ఒక్కసారి కూడా ఉండమనలేదు. పొమ్మనలేదు, ఉండమనలేదు. ఇలాగైనా అడిగారు కదా అనిపించింది. చేత్తో తిప్పి చూడకుండా బాబాయ్ స్టార్టరు ముట్టనివ్వరు, ఇంజనుకేం కాదని తెలుసు. సరే, ఉండిపోదాం అనుకున్నాను."

"వంట ఏం చేద్దామని అడిగావు."

"ఊఁ. ఉండిపోయాక వండుకోవాలి కదా." నవ్వబోయింది. "మళ్ళీ మీరే లెక్క సరిచేశారు. వెళ్ళమంటున్నారనుకున్నాను. వెళ్ళమనేనా అత్తయ్యా?"

ఇంజను ఆడుతోంది. ఆమె చెయ్యి తాళం మీద ఉంది. ఒక్క మాట అంటే ఆ తాళం వెనక్కి తిరిగేది, సంచులు లోపలికి వచ్చేవి. ఆ మాట నా నాలుక మీదే ఉంది. నాకు డెబ్భై రెండేళ్ళు. నన్ను వదిలి వెళ్ళినవాళ్ళలో ఒక్కరూ వెళ్ళనా అని అడగలేదు. అడిగింది ఈమె ఒక్కతే.

"వెళ్ళమనే," అన్నాను.

ఆమె తల ఊపింది. దింపిన అద్దంలోంచి నా చెయ్యి పట్టుకుని, వదిలి, అద్దం ఎక్కించుకుంది. కారు వెనక్కి వచ్చి వీధిలోకి తిరిగింది. పెద్ద రోడ్డు దగ్గర కాసేపు ఆగి, బస్సు ఒకటి పోయాక కుడివైపు పోయింది.

తమ్ముడు సంచీ భుజాన వేసుకుని వచ్చాడు.

"భోజనానికి మా ఇంటికి రా అక్కా."

"రేపొస్తాలేరా. దుప్పట్లు ఉతకాలి."

వాడు వెళ్ళాక గేటు గడియ పెట్టాను. మళ్ళీ తీశాను. కాసేపు నిలబడి మళ్ళీ పెట్టాను.